పాత ఇనుప బండితో రోడ్డు సైకిల్: 3వ పాఠం – ఫ్రేముకు దారం కట్టడం

పోయిన పాఠంలో కొలత చూసుకున్నాం. పాత బండ్లలో 22, 24 అంగుళాల ఫ్రేములే ఎక్కువ. అడ్డ గొట్టానికి చెరోవైపు కాలు వేసి నిలబడితే కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. ఈసారి డబ్బు చేతికివ్వకముందు చేయాల్సిన పని చూద్దాం.

నల్లగొండలో పాత ఇనుప సామాన్ల కొట్టులో ఫ్రేము, ఫోర్కు కలిపి 600 రూపాయలకు బేరమాడి గెలిచానని మురిసిపోయాను. వారం రోజులు బిగించి, పానగల్లు రోడ్డు మీద హ్యాండిల్ వదిలితే బండి పొలాల వైపు దారి తీసింది. కొట్టాయన తప్పేమీ లేదు, వంకర ఉందేమోనని నేనే చూసుకోలేదు.

రెండు బారల దారం, ఒక స్కేలు చాలు. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడికి ఒకవైపు దారం కట్టండి. దాన్ని ముందుకు లాగి, హ్యాండిల్ దిగే గొట్టాన్ని చుట్టి, రెండోవైపు గాడికి బిగుతుగా కట్టండి. ఇప్పుడు సీటు గొట్టం నుంచి దారం ఎంత దూరంలో ఉందో రెండువైపులా కొలవండి. సమానమైతే వెనక భాగం తిన్నగా ఉన్నట్టే. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే భయం లేదు, ఉక్కు కాబట్టి చేయి తిరిగిన మెకానిక్ వంచి సరిచేస్తాడు. అయితే గ్యాస్ మంట మాత్రం పెట్టనివ్వకండి. మూలల్లో అతుకులు సాధారణంగా ఇత్తడితో పోసినవి, మంటకు వదులైపోతాయి.

దారం ఫోర్కు సంగతి చెప్పదు. దానికి చక్రం తొడిగి, ముందు నుంచి ఒంటికన్నుతో చూడాలి. హ్యాండిల్ గొట్టం వెనకాల, కింది గొట్టం అడుగున రంగు పగిలి ఉబ్బు కనిపిస్తే బండి దేన్నో గుద్దిందని అర్థం. ఉచితంగా ఇచ్చినా వద్దు. పైపైన తుప్పు ఫర్వాలేదు. పెడళ్ల ఇరుసు ఉన్న గొట్టం అడుగున నీళ్లు చేరతాయి, అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగిందంటే తుప్పు తినేసినట్టే.

ఈ పాత బండ్లవి 1935లో వచ్చిన రెనాల్డ్స్ 531 (ఇంగ్లండు కంపెనీ తేలికపాటి సైకిల్ ఉక్కు) లాంటి పలుచని గొట్టాలు కావు. మామూలు ఉక్కే, బరువు తప్పదు. అందుకే ఫ్రేము మీద మిగిల్చిన డబ్బంతా చక్రాలకు దాచుకోమంటాను.

వచ్చే పాఠంలో పెడళ్ల ఇరుసు విప్పుతాం. క్రాంకు పిన్నులకు, అంటే పెడల్ చేతులను ఇరుసుకు బిగించే చీలలకు, ఈ రాత్రే నూనె పోసి ఉంచండి. ఒక్క మాట: ఆ ఇరుసు గొట్టంలో బేరింగు గుండ్లను పట్టి ఉంచే మర గిన్నెను కప్పు అంటారు, కుడివైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. తెలియక నేను ఒక పానా విరగ్గొట్టాను.