సర్వే రాద్దాం – 3వ భాగం: తెలుసో లేదో అడిగాకే అభిప్రాయం అడగండి

గత భాగంలో మన సర్వే దేనికోసమో ఒక్క వాక్యంలో రాసుకున్నాం: విద్యార్థులు ఆన్‌లైన్ చదువు గురించి ఏమనుకుంటున్నారు, అందులో యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లకు ఎంతవరకు అక్కరకొస్తోంది? ఇప్పుడు ప్రశ్నలు రాయాలి. లైబ్రరీ సైన్సు ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే రకం వాక్యం ఒకటి తీసుకుని బాగుచేద్దాం.

"మా యూనివర్సిటీ ఆన్‌లైన్ తరగతులు, లైబ్రరీ సేవలు సంతృప్తికరంగా ఉన్నాయి."

కింద "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా ఐదు గళ్లు, వాటికి 5 నుంచి 1 దాకా మార్కులు. 1932లో అమెరికా మనస్తత్వవేత్త రెన్సిస్ లికర్ట్ ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. అయితే ఆయన చెప్పింది ఒకే విషయం మీద చాలా వాక్యాలిచ్చి మార్కులు కలపమని. ఒక్క వాక్యం కింద ఐదు గళ్లు గీసినంత మాత్రాన అది లికర్ట్ స్కేలు అయిపోదు.

పై వాక్యంలో రెండు ప్రశ్నలు ఇరుక్కున్నాయి. తరగతులు నచ్చి లైబ్రరీ నచ్చనివాళ్లు ఎక్కడ టిక్కు పెట్టాలి? ముందు విడగొట్టండి. ఆ తర్వాత "సంతృప్తి" తీసేసి, విద్యార్థికి రోజూ ఎదురయ్యే పని పెట్టండి:

"రికార్డు చేసిన పాఠం చూసి సొంతంగా నోట్సు రాసుకోగలుగుతున్నాను."
"సందేహం అడిగితే అదే వారంలో జవాబు దొరుకుతోంది."
"ఫోన్‌లో పీడీఎఫ్ చదవడం నాకు ఇబ్బందిగా ఉంటుంది."

మూడోది కావాలనే ఎదురుగా రాశాను. అన్నీ మంచి మాటలే అయితే చదవకుండా వరసగా ఒకే గడిలో టిక్కు కొట్టేస్తారు. ఎదురు వాక్యంలో మాత్రం "లేదు", "కాదు" రానివ్వకండి. "లైబ్రరీ సాయం అందడం లేదు" అన్నదానికి "ఒప్పుకోను" అంటే సాయం అందినట్టా, అందనట్టా? ఒక్క క్షణం మీరే తడబడతారు. లెక్క వేసేటప్పుడు ఈ వాక్యాలకు మార్కులు తిరగేయాలి: 5 వస్తే 1, 4 వస్తే 2.

ఇక లైబ్రరీ దగ్గరికొద్దాం. అసలు చిక్కు ఇక్కడే. "లైబ్రరీ ఇ-జర్నల్స్ (ఆన్‌లైన్‌లో చదివే పరిశోధన పత్రికలు) నాకు ఉపయోగపడుతున్నాయి" అని అడిగారనుకోండి. ఇంటి నుంచి లాగిన్ అవ్వచ్చన్న సంగతే తెలియని అమ్మాయి ఏం చేస్తుంది? మధ్య గడిలో టిక్కు పెట్టి ముందుకెళ్తుంది. రిపోర్టులో అది "తటస్థ వైఖరి"గా అచ్చవుతుంది. అది వైఖరి కాదు, ఆమెకు ఎవరూ చెప్పకపోవడం. అందుకే ముందు ఈ ప్రశ్న పెట్టండి:

"ఇంటి నుంచి లైబ్రరీ జర్నల్స్ చదవడానికి మీకు లాగిన్ ఉందా?"
– ఉంది, వాడుతున్నాను
– ఉంది, ఎప్పుడూ వాడలేదు
– లేదు
– అలాంటిది ఉంటుందని తెలీదు

మొదటి జవాబు ఇచ్చినవాళ్లకే తర్వాతి అభిప్రాయ వాక్యాలు చూపించాలి. గూగుల్ ఫామ్స్‌లో జవాబును బట్టి వేరే సెక్షన్‌కు పంపే ఏర్పాటు ఉంది. ప్రశ్నలో "ఇన్‌ఫెడ్" లాంటి పేర్లు వద్దు. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే గాంధీనగర్‌లోని కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆ ఏర్పాటుతోనే చాలాచోట్ల క్యాంపస్ బయట నుంచి లాగిన్ అవుతారు. కానీ పేరు లైబ్రేరియన్‌కు తెలిసినంతగా విద్యార్థికి తెలియదు. భారతీయ యూనివర్సిటీల థీసిస్‌లు దాచే వెబ్‌సైటు శోధ్‌గంగలో వాటిని ఎవరైనా చదువుకోవచ్చు కాబట్టి దాన్ని లాగిన్ ప్రశ్నలో కలపకుండా విడిగా అడగండి.

నన్నడిగితే, మిగతా ఇరవై వాక్యాలకంటే ఈ ఒక్క ప్రశ్నకే విలువెక్కువ. 2025 జనవరిలో "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" అనే కేంద్ర ప్రభుత్వ పథకం మొదలైంది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్‌ను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం. మూడేళ్లకు కేటాయింపు 6,000 కోట్లు. మీరు సర్వే చేసేది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే, "తెలీదు" అన్నవాళ్ల సంఖ్యే మీ ప్రాజెక్టుకు ముఖ్య ఫలితం కావచ్చు.

ఆన్‌లైన్ చదువుకూ ఇలాంటి వడపోత ఒకటి కావాలి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక "స్వయం"లోని కోర్సును క్రెడిట్ల కోసం తప్పక చేసేవాళ్లూ, ఇష్టపడి చేరినవాళ్లూ ఒకేలా మాట్లాడరు. "ఈ కోర్సు ఎవరు ఎంచుకున్నారు: మీరా, డిపార్ట్‌మెంటా?" అని మొదట్లోనే అడిగేయండి.

లిబ్‌క్వాల్ అనే లైబ్రరీ సర్వేలో 22 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 9 దాకా మూడు మార్కులు వేయాలి: కనీసం ఎంత ఉంటే సర్దుకుంటారు, ఎంత ఉండాలనుకుంటారు, ఇప్పుడెంత అందుతోంది. ఆలోచన బాగుంది, కానీ వాట్సాప్‌లో లింకు పంపి నింపించే సర్వేకు అంత బరువు వద్దు.

అభ్యాసం: కింది రెండు వాక్యాలను తిరగరాయండి. అవసరమైన చోట ముందు వడపోత ప్రశ్న చేర్చండి.

1. "లైబ్రేరియన్ వాట్సాప్‌లోనూ ఫోన్‌లోనూ త్వరగా, మర్యాదగా స్పందిస్తారు."
2. "ఆన్‌లైన్ పరీక్షలకు లైబ్రరీలోని పాత ప్రశ్నపత్రాలు సరిపోవడం లేదు."

రాసినవి స్నేహితుల్లో ఒకరికిచ్చి, పైకి చదువుతూ నింపమనండి. ఎక్కడ ఆగి మళ్లీ చదివారో ఆ వాక్యం పక్కన గుర్తు పెట్టుకోండి. వచ్చే భాగంలో ఎవరిని అడగాలో చూద్దాం. లింకు ద్వారా సర్వే చేస్తే నెట్ సరిగా లేనివాళ్లు ఎలా జారిపోతారో అక్కడ లెక్కతో తేల్చుకుందాం.