తాతగారి మిలటరీ మెడల్ ఏ యుద్ధానిదో, ఎవరిదో కనిపెట్టడం ఎలా? (ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి)

తాడేపల్లిగూడెం పక్కన మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అనే అంటారు, కానీ మెడల్స్ ఆ ఒక్క ఊళ్లోనే ఉంటాయనుకోకండి, మన డెల్టాలో ఏ ఊళ్లో పాత ట్రంకుపెట్టె తీసినా అడుగున ఒకటో రెండో దొరుకుతాయి. దొరకడం బానే ఉంది, దొరికాక మనోళ్లు చేసే పనులు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

కావాల్సినవి: పది రెట్లు చూపించే భూతద్దం, టార్చి, వెర్నియర్ (మిల్లీమీటర్లు సరిగ్గా కొలిచే పరికరం), మెత్తటి నూలు గుడ్డ, పెన్సిలు, నోట్‌బుక్. ఫోన్‌లో జూమ్ చేస్తే సరిపోదా అంటారు, సరిపోదు.

1. రెండు వైపులా చూడండి
వెండిది, ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలు ఉంటే బ్రిటిష్ వార్ మెడల్. రెక్కల దేవత ఉన్న కంచుది విక్టరీ మెడల్. ఆరు కోణాల నక్షత్రం అయితే రెండో ప్రపంచ యుద్ధానిది, బర్మా స్టార్ అనో ఆఫ్రికా స్టార్ అనో దానిమీదే ఉంటుంది, చదువుకోవడమే. ఇండియా మ్యాప్ ఉంటే ఇండియా సర్వీస్ మెడల్. అశోక చక్రం పైన కిరీటం కనిపిస్తే డూప్లికేట్ అని విసిరేయకండి, 1947 నాటి ఇండిపెండెన్స్ మెడల్ అలాగే ఉంటుంది. రిబ్బన్ని మాత్రం నమ్మొద్దు, చిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు వేరేది కుట్టేసుంటారు.

2. అంచు చదవండి (అసలు పనంతా ఇక్కడే)
మొదటి ప్రపంచ యుద్ధం మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ గుద్ది ఉంటాయి. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండానే ఇచ్చారు గానీ మన ఇండియన్ సైనికుల వాటిలో చాలావాటికి పేరుంది, స్టార్ అయితే వెనకవైపు చూడాలి. ఆ పేరు పోతే మీ చేతిలో మిగిలేది ఉత్త బిళ్ల.

కాబట్టి తోమకండి. చింతపండు వద్దు, ఇత్తడి సామాను పౌడర్ వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు. భీమవరం వైపు ఒకాయన నేను వస్తున్నానని ముందురోజు రాత్రి కూర్చుని మిలమిలా తోమించి పెట్టారు, మర్యాదకే పాపం, తీరా చూస్తే ఇంటిపేరు మొదటి రెండక్షరాలు తప్ప ఏమీ లేదు, ఆ ఇంట్లో కాఫీ తాగడానికి కూడా మనసొప్పలేదు నాకు. నల్లగా ఉంటే ఉండనివ్వండి, ఆ నలుపు అక్షరాల గుంటల్లో నిలబడితేనే చదవడం తేలిక.

ఇంకోటి, వెండో కాదో చూపిద్దామని కంసాలి దగ్గరికి పట్టుకెళ్లకండి. ఆయన గీటురాయి మీద రుద్దేది ఎక్కడ? అంచు మీదే! 1980లో వెండి రేటు పెరిగినప్పుడు ఈ మెడల్స్ ఎన్నో కరిగిపోయాయి, మిగిలినవాటినైనా బతకనివ్వండి.

చదివేది ఇలా: చీకటి గదిలో మెడల్‌ని గుడ్డమీద నిలబెట్టి, టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు బల్లకి ఆనించి వేయండి, మెడల్ని మెల్లగా తిప్పుతూ ఒక్కో అక్షరం నీడ చూసి రాసుకోండి. అర్థం కాని అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి పూరించొద్దు. యూనిట్ పేరు పొట్టిగా ఉంటుంది: ఎస్ అండ్ ఎం అంటే సాపర్స్ అండ్ మైనర్స్, సైన్యంలో ఇంజినీరింగ్ దళం, ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, సరుకులు చేరవేసే దళం.

పాత పేరు అరగదీసి కొత్తది గుద్ది అమ్మేవాళ్లూ ఉన్నారు. వెర్నియర్‌తో అడ్డంగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి కొలవండి. వార్ మెడల్ దాదాపు 36 మిల్లీమీటర్లుండాలి, ఒకచోట తగ్గిందంటే అక్కడ ఆకురాయి పడిందని అనుమానించాల్సిందే. నాణేలు కలెక్ట్ చేసేవాళ్లు మెరుపు చూసి మార్కులేస్తారు, ఆ పద్ధతి ఇక్కడికి తేకండి.

3. దాచడం
మన గోదావరి తేమకి కంచు ఇట్టే చిలుము పడుతుంది. నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, డబ్బాలో పెట్టండి. రబ్బర్ బ్యాండు వేస్తే వెండి నల్లబడుతుంది. డిశ్చార్జ్ బుక్కు (సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చేది), ఫొటో ఉంటే మెడల్‌తోనే ఉంచాలి, విడిగా అమ్మేవాళ్ల దగ్గర నేనైతే కొననే కొనను.

విదేశాల్లో ఎవరో మంచి రేటిస్తానన్నారని 1914-18 మెడల్ పార్సిల్ చేసేయకండి బాబూ, వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుల్ని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదని 1972లోనే చట్టం చేశారు.