మూకీ సినిమా ప్రింటు మిగిలి ఉందో లేదో తేల్చుకోవడం ఎలా?

రఘుపతి ప్రకాశ్ మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) వంటి మూకీల గురించి ‘ప్రింటు లేదు’ అన్న మాటను ఒకరి వ్యాసం నుంచి మరొకరు ఎత్తి రాస్తూ వస్తున్నారు. అది నిజమే కావచ్చు గాని, ఎవరు ఎక్కడ వెతికి ఆ మాట అన్నారో విచారించకుండా తిరిగి రాయకూడదు.

చెన్నైలో ఉన్నవారు ముందుగా చిత్రానికున్న పేర్లన్నీ సేకరించాలి. మన దేశంలో ‘ప్రేమ్ సన్యాస్’ అనిపించుకున్న 1925 నాటి చిత్రానికే ‘లైట్ ఆఫ్ ఏషియా’ అని ఇంగ్లీషు పేరూ, వేరే జర్మన్ పేరూ ఉన్నాయి కాబట్టి, ఒక్క పేరుతో వెతికితే విదేశీ ఆర్కైవులో ఉన్న ప్రింటు కూడా కంటబడకపోవచ్చు. తర్వాత ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో ఆనాటి పత్రికలను, 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక పాత సంచికలు దొరికినచోట వాటిని తిరగేసి, ప్రకటనల్లో కనిపించే రీళ్ల లెక్కనూ అడుగుల లెక్కనూ రాసుకోవాలి.

అడుగులే ఎందుకంటే, 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, ఉంటాయి. 6000 అడుగుల చిత్రం సెకనుకు 16 ఫ్రేముల వేగంతో 100 నిమిషాలు, 24 ఫ్రేముల వేగంతో సుమారు 67 నిమిషాలు నడుస్తుంది. వేగాన్ని బట్టి నిమిషాలు మారతాయి గాని అడుగులు మారవు; నిమిషాలు తగ్గాయని చూసి, సినిమాలో మూడో వంతు పోయిందని వాపోయేవారి మాట అందుకే పట్టించుకోనక్కర్లేదు.

ఈ వివరాలతో, 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవుకు రాయాలి. ‘ఉందా?’ అని మాత్రమే అడగక, ఉన్నది నైట్రేటు ప్రింటా (సులువుగా మండే పాతకాలపు ఫిల్ము), సేఫ్టీ ఫిల్ము (అంత సులువుగా మండనిది) మీదికి ఎక్కించిన నకలా, ఎన్ని అడుగులు, టైటిలు కార్డులు (తెర మీద మాటలు రాసి చూపేవి) ఏ భాషలో ఉన్నాయి అని విడివిడిగా అడగడం మంచిది.

అక్కడ లేదన్నా కోర్టు తగాదాల జాడ చూడాలి. నవల హక్కుల వివాదంతో ప్రదర్శన ఆగిపోయిన ‘మార్తాండవర్మ’ (1933) ప్రింటు 1974లో పుణె ఆర్కైవుకు చేరింది. ఊరూరా ఆడి ఉంటే అరిగి ముక్కలయ్యేదని నా అనుమానం.

పాత డబ్బా మీ ఇంట్లోనే బయటపడితే దాన్ని ప్రొజెక్టరుకు ఎక్కించకండి. నైట్రేటు ఫిల్ము మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను తానే పుట్టించుకుంటుంది గనుక, అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. పొయ్యికీ ఎండకూ దూరంగా, చల్లగా గాలి ఆడేచోట ఉంచి, డబ్బా మీది రాతను ఫొటో తీసి ఆర్కైవుకు పంపండి. వారు చెప్పేదాకా రీలును కొరియరుకు ఇవ్వవద్దు.