పనేంటని కాదు, నిన్న ఏం చేశారో అడగండి
ఊరి లెక్క: సొంతంగా నేర్చుకునే క్షేత్ర పరిశోధన, 4వ పాఠం

పోయిన పాఠంలో ఊళ్లో ఏ ఇళ్లకు వెళ్లాలో చీటీలు తీసి ఎంచుకున్నాం. ఆ పని ఇంకా చెయ్యనివాళ్లు ముందు అది ముగించుకుని రండి. ఈ పాఠం గడప దగ్గర మొదలవుతుంది.

గడప దగ్గర నిలబడి నేను అడిగిన మొట్టమొదటి ప్రశ్నే తప్పు ప్రశ్న. అనంతపురం వైపు ఒక పల్లె, ఎండాకాలం చివర. ఒకామె అరుగు మీద కూర్చుని చేటలో విత్తనం చెనక్కాయలు ఒలుస్తోంది. "ఏం పని చేస్తారక్కా?" అన్నాను. "ఏం పనుందన్నా, ఊరికే ఇంట్లోనే ఉంటా" అంది, చేతులు ఆపకుండానే. నేను బుద్ధిగా 'ఇంటి పనులు మాత్రమే' అని రాసుకుని పక్కింటికి వెళ్లిపోయాను. రాత్రి కాగితాలు తిరగేస్తుంటే ఆ చేట గుర్తొచ్చింది. నా కళ్ల ముందే పని చేస్తున్న మనిషిని పని లేని మనిషిగా రాసుకొచ్చాను.

ఆమె అబద్ధం చెప్పలేదు. మన భాషలో 'పనికి పోవడం' అంటే కూలికి పోవడం, లేదా ఉద్యోగం. ఇంటి అరుగు మీద చేసేదాన్ని ఎవరూ అలా అనరు. మనం 'పని' అంటే ఆమెకు వినబడింది కూలి. ఇలాంటి చోట ప్రశ్నను ఎంత మర్యాదగా అడిగినా, ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు. ఆ మాటనే పక్కన పెట్టి నిన్నటి రోజు గురించి అడగాలి. ఈ పాఠంలో నేర్చుకునేది అదే: ఒక మనిషి 24 గంటలను కాగితం మీద పెట్టడం.

కాగితం తయారుచేసుకుందాం. లాంగ్ నోట్‌బుక్‌లో ఎదురెదురు పేజీలు రెండు తీసుకోండి. ఎడమ పక్కన టైము రాయండి. తెల్లవారుజామున 4 గంటలకు మొదలుపెట్టి మరుసటి రోజు 4 దాకా అరగంటకొక గడి, మొత్తం 48 గడులు. 4 గంటలే ఎందుకంటే ఆ టైముకు దాదాపు అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి రోజు మధ్యలో తెగదు. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే కూడా 4 నుంచి 4 వరకు, అరగంట గడులతోనే నడిచింది. ఎంచుకున్న ఇళ్లలో ఆరేళ్లు నిండిన ప్రతి మనిషి రోజునూ అందులో రాశారు. అంతకుముందు 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగంగా ఒకసారి చేశారు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ లేదు.

టైము పక్కన నాలుగు వరుసలు గీయండి. ఏం చేశారు, అది చేస్తూ ఇంకేం చేశారు, ఎవరి కోసం చేశారు, దానివల్ల డబ్బు వచ్చిందా, వస్తే ఎవరి చేతికి. కొత్తవాళ్లు రెండో వరుసను ఖాళీగా వదిలేస్తుంటారు. ఈ కాగితానికి ప్రాణం ఆ వరుసే. ఎందుకో కాసేపట్లో చూస్తారు.

మర్నాడు నేను మళ్లీ అదే అరుగు దగ్గరికి వెళ్లాను. ఈసారి ఇలా నడిచింది.

"నిన్న పొద్దున ఎన్నింటికి లేచారక్కా?"

"ఏం గుర్తుంటాదన్నా, చీకటితోనే."

"పాలబండి రాకముందా, వచ్చినాకనా?"

"అయ్యో, బండొచ్చేసరికి పాలు పిండి క్యాన్లో పోసి పెట్టాల కదా. నాలుగున్నరకి లేసుంటా."

"లేచి మొదట ఏం చేశారు?"

"కసువూడ్చినా. కళ్లాపి చల్లినా. ఆవులకు మేతేసినా."

"పాలు పిండింది?"

"నేనే. మా ఆయన క్యాను తీస్కపోయి పోసొచ్చినాడు."

ఇక్కడ ఆగి చూడండి. పాలకేంద్రం పుస్తకం భర్త పేరున ఉంది, డబ్బులు పడేది ఆయన ఖాతాలో. ఆయన్ని అడిగితే "పాల వ్యాపారం ఉంది సార్" అంటాడు. పిండింది మాత్రం ఆమె. నాలుగో వరుస లేకపోతే ఈ సంగతి మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

సాయంత్రానికి వచ్చాం.

"ఏడింటికి?"

"సీరియల్ చూసినా."

విశ్రాంతి అని రాయబోయి రెండో వరుస గుర్తొచ్చి ఆగాను. "చూస్తూ చేతులు ఖాళీగానే ఉన్నాయా అక్కా?"

ఆమె నవ్వింది. "చేతులు ఖాళీగా ఎందుకుంటాయన్నా. చెనక్కాయలు."

ఆ ఒక్క ప్రశ్నతో ఆమె రోజులో గంటన్నర విశ్రాంతి గంటన్నర పనిగా మారిపోయింది. పెద్ద సర్వేలకూ ఈ చిక్కు ఉంది. 2019 సర్వేలో ఒక అరగంటలో 10 నిమిషాలకు తగ్గకుండా చేసిన పనులను మూడింటి వరకు రాసి, వాటిలో ప్రధానమైనదేదో గుర్తించారు. పిల్లవాణ్ని చంకనేసుకుని వంట చేసే మనిషి విషయంలో ఏది ప్రధానం? నా మటుకు నేను రెండూ రాస్తాను. ఏది ముందో తేల్చడం ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

పల్లెల్లో గంటలు గడియారంలో ఉండవు. అందుకే ఊళ్లోకి వెళ్లగానే ఆ ఊరి గుర్తులు రాసుకోండి. పాలబండి ఎప్పుడొస్తుంది, మొదటి బస్సు ఎప్పుడు, బడి గంట ఎప్పుడు, కుళాయి ఎప్పుడు వదులుతారు, మోటారుకు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడిస్తారు, గుడి మైకు, మసీదు అజాన్, టీవీ సీరియళ్లు. ఈ జాబితా జేబులో ఉంటే "ఎన్నింటికి?" అనే మాటే అక్కర్లేదు. ఇంకొక మాట. "మామూలుగా రోజూ ఏం చేస్తుంటారు?" అని అడిగారా, పని మళ్లీ చెడుతుంది. మామూలు రోజు అనేది మన ఊహలో మాత్రమే ఉంటుంది. దాన్ని అడిగితే ఎలా ఉండాలనుకుంటారో అది చెబుతారు. నిన్న ఒంట్లో బాగాలేక రోజంతా పడుకున్నా సరే, నిన్నటి రోజునే రాయండి.

అత్తగారు పక్కన కూర్చుంటే కోడలి రోజు ఒకలా ఉంటుంది, అత్తగారు లేచి వెళ్లాక ఇంకోలా ఉంటుంది. ఇద్దరు కలిసి వెళ్తే మంచిది. ఒకరు అత్తగారిని ఆమె రోజు గురించి అడుగుతూ కాస్త అవతలికి తీసుకెళ్లొచ్చు. ఆవిడ రోజూ మనకు కావలసిందే కాబట్టి ఇందులో మోసమేమీ లేదు.

ఇప్పుడు మొదటిరోజు నేను రాసిన 'ఇంటి పనులు మాత్రమే' సంగతి. ఏటా ఉద్యోగాల లెక్క తీసే శ్రామికశక్తి సర్వేలో దానికొక కోడ్ ఉంది, 92. ఇంటి పనులతో పాటు కట్టెలు, ఆకుకూరలు, పశువులకు గడ్డి ఏరితెచ్చుకోవడం, ఇంటివాళ్ల బట్టలు కుట్టడం లాంటివి చేస్తే 93. ఈ రెండు కోడ్‌లలో ఏది పడ్డా ఆ మనిషి శ్రామికశక్తిలో, అంటే పని చేసేవాళ్లలో గానీ పని వెతుక్కునేవాళ్లలో గానీ, లేనట్టే. హద్దు ఎక్కడుందో చూడండి. ఇంట్లో తాగడానికే అయినా సరే, ఆవు పాలు పిండితే అది ఆర్థిక కార్యకలాపం. ఆ పాలు కాచి తోడుపెట్టి, పొద్దున్నే చిలికి వెన్న తీసి ఇంట్లోనే వాడుకుంటే అది లెక్కలోకి రాదు. సొంత చేనికి విత్తనం కాయలు ఒలిస్తే కుటుంబ సేద్యంలో సహాయకురాలు, లెక్కలో ఉంటుంది. అవే కాయలు చట్నీకి ఒలిస్తే లేదు. చేట అదే, వేళ్లకు నొప్పీ అదే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో గణాంకవేత్తలు 2013లో కూర్చుని ఈ మాటలను తిరగరాశారు. సొంతానికి చేసుకునేదీ పనే, జీతం కోసమో లాభం కోసమో చేసేది మాత్రమే ఉపాధి అన్నారు. పని, ఉపాధి రెండు వేరువేరు మాటలయ్యాయి. మనం కాగితం మీద రాసేది పని. ఏది ఉపాధి అన్నది తర్వాత విడదీసుకుంటాం. పొలం గట్టు మీద నిలబడి కోడ్‌లు వెయ్యకండి, ఏం చేశారో ఆమె మాటల్లోనే రాసుకోండి.

సుస్థిర అభివృద్ధికీ ఈ కాగితానికీ ఏం సంబంధమని ఒకరిద్దరు అడిగారు. రసాయన ఎరువులు వాడని ప్రకృతి సేద్యాన్నే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి దీన్ని పెద్ద ఎత్తున నడుపుతోంది. అందులో ఎరువుకు బదులు వాడే జీవామృతం ఎకరానికి చెయ్యాలంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి కావాలి. డ్రమ్ములో పోసి నీడన పెట్టి రెండు పూటలా కర్రతో కలుపుతుండాలి. రైతును ఖర్చెంతయిందని అడిగితే బెల్లం, పిండి లెక్క చెబుతాడు. యూరియా బస్తా కొనే పని లేదు, నిజమే. మరి పేడ ఎత్తిందెవరు, తెల్లారుజామున మూత్రం పట్టిందెవరు, నీళ్లు మోసిందెవరు, కర్ర తిప్పిందెవరు అని అడిగాను. "మా ఇంటామె" అన్నాడు ఒకాయన, కాస్త ఆలోచించి.

నేను ఈ సేద్యానికి వ్యతిరేకిని కాను. మా ఇంటి కూరగాయలు కూడా అలా పండించినవే. కానీ దుకాణంలో కొనే బస్తా స్థానంలో ఇంటి మనిషి గంటలు వచ్చి చేరాయా లేదా అన్నది కొలిచి చూడవలసిన సంగతి. చేరితే ఎన్ని గంటలు, నిద్రలోంచి తగ్గాయా, కూలిలోంచి తగ్గాయా? ఒక పద్ధతి ఊళ్లో నిలుస్తుందా, మూడేళ్లకు మూలన పడుతుందా అన్నది చాలావరకు ఈ గంటల మీదే ఉంటుందని నా అనుమానం. ఖర్చుల పుస్తకంలో అది కనబడదు, 48 గడుల కాగితంలో కనబడుతుంది. 2015లో దేశాలన్నీ ఒప్పుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఐదోదాని కింద, జీతం లేని ఇంటి పనికి, సంరక్షణకు ఆడవాళ్లూ మగవాళ్లూ వెచ్చించే సమయాన్ని ఒక సూచికగా పెట్టారు. ఆ సూచికకు అంకె వచ్చేది ఇలాంటి కాగితాల నుంచే.

ఇక కూడికలు. ఇక్కడ చదువుకున్నవాళ్లే ఎక్కువగా బోల్తా పడతారు. 2019 సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులకు ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారని పేపర్లన్నీ రాశాయి. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. చూడగానే ఏమనిపిస్తుంది? ఆడవాళ్లది మూడింతలు, మగవాళ్లు కూడా గంటన్నర చేస్తున్నారు కదా అని.

అది ఆ రోజు ఇంటి పని చేసినవాళ్ల సగటు మాత్రమే. 2019లో ఆడవాళ్లలో నూటికి 81.2 మంది ఆ రోజు ఇంటి పని చేశారు, మగవాళ్లలో 26.1 మందే. చెయ్యనివాళ్లను సున్నాతో కలిపి మళ్లీ లెక్కెయ్యండి. 97ను 0.261తో గుణిస్తే సుమారు 25 నిమిషాలు. 299ను 0.812తో గుణిస్తే సుమారు 243. మూడింతలు అనుకున్నది దాదాపు పదింతలకు చేరింది. రెండు అంకెలూ నిజమే, ప్రశ్నలు వేరు. 'చేసేవాళ్లు ఎంతసేపు చేస్తున్నారు' అన్నదానికి మొదటిది, 'అందరినీ కలిపితే ఎంత' అన్నదానికి రెండోది. మీ ఊరి లెక్క రాసేటప్పుడు ఏ సగటో చెప్పకుండా అంకె రాస్తే దానికి విలువ లేదు.

దారి తప్పి ఒక్క కబురు చెబుతాను. 1930ల మొదట్లో ఆస్ట్రియాలో మరియెంతాల్ అనే చిన్న ఊళ్లో నేత మిల్లు మూతపడి ఊరంతా పని పోగొట్టుకుంది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకుల బృందం అక్కడ ఇలాంటి రోజు కాగితాలే నింపించింది. మగవాళ్లవి చాలావరకు ఖాళీగా వచ్చాయి. పొద్దున లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా ఏం చేశారో వాళ్లకే గుర్తులేదు. పరిశోధకులు కిటికీ చాటు నుంచి వీధిలో నడిచేవాళ్ల వేగం కూడా కొలిచారు. మగవాళ్లు మాటిమాటికీ ఆగుతూ మెల్లగా నడిచారు, ఆడవాళ్లు గబగబా నడిచారు. వంట, బట్టలు, పిల్లలు మిల్లుతో పాటు మూతపడలేదు కదా. మీకు ఖాళీ కాగితం వస్తే కంగారుపడకండి. బలవంతాన నింపకండి. అది కూడా సమాచారమే.

ఈ వారం అభ్యాసం. ముందు మీ సొంత నిన్నటి రోజును రాయండి, 48 గడులూ. నిమిషాలు కూడితే 1440 రావాలి. మొదటిసారి ఎవరికీ రాదు. ఫోను చూస్తూ గడిపినది ఎక్కడ రాశారో ఒకసారి చూసుకోండి. తర్వాత మీ ఇంట్లోనే ఇంకొకరిది, అమ్మదో, భార్యదో, నాన్నదో అడిగి రాయండి. అడిగేముందు వాళ్ల రోజు ఎలా ఉంటుందో మీరు ఊహించి వేరే కాగితం మీద రాసి మడిచి పెట్టుకోండి. అయిదో పాఠానికి ఆ మడత విప్పకుండా తీసుకురండి.