జేబులోని కాగితాలతో ధ్వని కవితను కట్టే విధానం

కవిత్వాన్ని అచ్చు పుస్తకం నుంచి బయటికి నడిపించిన ఫ్రెంచి కవుల పద్ధతిలో నాలుగు నిమిషాల ధ్వని కవితను, అంటే గొంతుతో, రికార్డు చేసిన శబ్దంతో కట్టి చెవికి వినిపించే కవితను, స్వయంగా తయారుచేసుకోదలచినవారి కోసం ఈ వివరణ. ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. రికార్డు చేయగల ఫోను, ఒక కంప్యూటరు, జేబులోనో సంచిలోనో పోగుపడిన కాగితాలు ఉంటే చాలు.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. రాసి ఉన్న కవితను చదివి, వెనుక కాస్త సంగీతం వినిపించినంత మాత్రాన అది ధ్వని కవిత కాదు. ఈ మార్గానికి ఆద్యులలో ఒకరైన బెర్నార్ ఎద్‌సీక్ (1928–2014) 1955లో తన రచనలను సంగీతకారుల స్వరలిపిలా చూడడం మొదలుపెట్టారు. అంటే కాగితం మీద ఉన్నది కవిత కాదు, కవితను పలకడానికి కావలసిన సూచన మాత్రమే. 1959 నుంచి ఆయన టేప్ రికార్డరును కూడా రచనా సాధనంగా వాడుకున్నారు. ఇంత చేసిన మనిషి జీవనోపాధికి బ్యాంకులో పనిచేశారన్న సంగతి నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇక సామగ్రి. ఈ తరం ఫ్రెంచి కవి ఆన్-జేమ్స్ షాతోఁ తన దగ్గరున్న రసీదులు, టికెట్లు, కార్డుల మీది రాతలనే ఎత్తి రాసుకుని, హెచ్చుతగ్గులు లేని గొంతుతో ఏకధాటిగా చదువుతారు; వెనుక ఒక చిన్న వాక్యమో శబ్దమో ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. మీరూ ఒకే రోజున మీ చేతికి వచ్చిన కాగితాలన్నీ తీసి, వాటి మీద ఉన్నది ఉన్నట్టు వరుసగా రాసుకోండి. తేదీ, సమయం, వరుస సంఖ్య, తూకం, ధన్యవాదాలు, ఏదీ వదలవద్దు. ఫోను నంబర్లు, కార్డు నంబర్లు, ఇతరుల పేర్లు మాత్రం తప్పక తీసివేయాలి. అందంగా ఉన్న మాటలను మాత్రమే ఏరుకోవాలన్న కోరిక కలుగుతుంది; దానికి లొంగితే మిగిలేది మామూలు వచన కవితే.

అసలు కష్టం అంకెల దగ్గర మొదలవుతుంది. ఉదాహరణకు రసీదు మీద 4799 అని ఉన్నదనుకుందాం. ‘నాలుగు వేల ఏడు వందల తొంభై తొమ్మిది’ అని చదివితే ఊపిరి పొడుగ్గా సాగి చివర తకారాల మీద తడబడుతుంది. ‘నాలుగు, ఏడు, తొమ్మిది, తొమ్మిది’ అంటే అదే సంఖ్య సుత్తి దెబ్బల్లా పడుతుంది. ఫ్రెంచిలో తొంభై తొమ్మిదిని ‘నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది’ అన్న అర్థం వచ్చేటట్టు పలుకుతారు కనుక, ఒక మామూలు రసీదులోనే వారికి బోలెడంత లయ దొరుకుతుంది. మన అంకెలకూ తమదైన నడక ఉంది. ప్రతి సంఖ్యను రెండు విధాలుగానూ పైకి చదివి, ఏది ఎక్కడ నప్పుతుందో చెవితో నిర్ణయించి, అంకెలను అక్షరాలలోకి మార్చి రాసుకోండి. ఊపిరి తీసుకునే చోట నిలువు గీత పెట్టండి. ఛందస్సులో యతి చేసే పనిలో కొంత ఇక్కడ ఊపిరి చేస్తుంది.

తరువాత వెనుక తిరిగే వాక్యం. ఆ రోజు విన్న వార్తల నుంచి మూడు నాలుగు సెకన్లలో ముగిసే వాక్యాన్ని ఎంచి, మీ గొంతుతోనే రికార్డు చేసి, ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాములో పునరావృతం చేయండి. అతుకు దగ్గర టక్కుమనే చప్పుడు వస్తే వాక్యం మొదటా చివరా ధ్వనిని కొద్దిగా తగ్గించాలి. ప్రధాన పఠనాన్ని దీనికంటే బిగ్గరగా, బట్టలున్న అలమర ఎదుట నిలబడి, ఫోను నోటికి జానెడు దూరంలో ఉంచి రికార్డు చేయండి. తప్పు చదివితే ఆపవద్దు. తడబాటు ఒకటి రెండు చోట్ల ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

సభలో వినిపించేటప్పుడు కూర్చోవద్దు. 1974 నాటి ‘వాదూజ్’ కవితలో ఎద్‌సీక్ ఐరోపాలోని చిన్న దేశమైన లీఖ్టెన్‌స్టైన్ రాజధాని వాదూజ్ చుట్టూ వలయాలు గీసినట్టు ప్రపంచంలోని జాతుల పేర్లను వరుసపెట్టి పలుకుతారు. దానిని నిలబడి, పొడవాటి కాగితపు చుట్టను విప్పుకుంటూ చదివేవారు. మీరూ పుటలను ఒకదాని కింద ఒకటి అతికించి చుట్టగా చేసుకుంటే, పుట తిప్పే చప్పుడు మైకులో పడదు, చదివినంత మేరా కాగితం నేలకు జారడం శ్రోతలకు కనిపిస్తుంది.

భద్రపరచే విషయంలో ఒక జాగ్రత్త. 1989లో ఫిలిప్ బూట్స్, ఆయన మిత్రులు కంప్యూటరు తెర మీద కదిలే కవితలను ఫ్లాపీ డిస్కులపై ‘అలీర్’ అనే పత్రికగా తెచ్చారు. తరువాత వేగవంతమైన యంత్రాలు రావడంతో ఆ కవితల నడక మారిపోయింది. అందువల్ల ధ్వనిని కుదించని వేవ్ ఫైలుగా దాచి, గీతలు పెట్టుకున్న కాగితపు చుట్టను, అసలు రసీదులను దాని పక్కనే ఉంచండి. రసీదుల మీది అచ్చు కొన్ని నెలలలోనే వెలిసిపోవచ్చు కనుక వాటికి ఫొటోలు ఆ రోజే తీయాలి.