ఫైర్‌ప్లేస్ ఎక్కడ పెట్టించాలో తేల్చుకునే ముందు

అమెరికాలో సొంతిల్లు కొన్నాక మొదటి చలికాలానికే కట్టెల ఫైర్‌ప్లేస్ మీద మనసు పోతుంది. కాంట్రాక్టర్‌ని పిలిచే ముందు ఇవి చూసుకోండి.

- ముందు పైకి చూడండి. పొగగొట్టం వంకర్లు లేకుండా కప్పు దాటాలి, కప్పు మీద కనీసం 3 అడుగులు లేచి, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి.

- వంటింటి పక్కనా? పోపు ఘాటు తట్టుకోలేక మనం పెట్టించుకునే పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలంతా లాగేస్తే, కిటికీలు బిగించిన ఇంట్లో పొగ తిరిగి హాల్లోకే దిగుతుంది, దాంతోపాటు వాసన కూడా తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్. నాకు అన్నిటికన్నా దీంతోనే టెన్షన్. దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి.

- గోడ తట్టి చూడండి. డొల్లగా మోగితే లోపల ఉన్నవి చెక్క నిలువులే, ఇటుక కాదు. ఆ చెక్కకీ ఫైర్‌ప్లేస్‌కీ మధ్య ఎంత ఖాళీ వదలాలో తయారీదారు మాన్యువల్‌లో ఉంటుంది, అంగుళం కూడా తగ్గించొద్దు.

- కర్టెన్లు, సోఫా 3 అడుగుల అవతల. ఫైర్‌ప్లేస్ ఎదురుగా కార్పెట్ తీసేసి రాయి పరిపించండి, చిన్న ఫైర్‌ప్లేస్‌కైనా ముందుకి 16 అంగుళాలు.

- పడగ్గదిలో వద్దు.

- సిటీ పర్మిట్, ఇన్సూరెన్స్ వాళ్లకి కబురు, రెండూ పని మొదలవక ముందే.