న్యూట్రిషన్ మేజర్‌తో మెడికల్ స్కూలుకి: ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలి

అమెరికాలో ఎం.డి.కి ముందు చేసే నాలుగేళ్ల డిగ్రీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలన్న నియమం లేదు. ఆ లెక్కన న్యూట్రిషన్ మంచి ఎంపికే. చిక్కల్లా ఒక్కటే: న్యూట్రిషన్ డిగ్రీ చేతికి రావడానికి సరిపోయిన కోర్సులు మెడికల్ స్కూలుకి చాలకపోవచ్చు.

చాలా చోట్ల డైటెటిక్స్ ట్రాక్‌లో (డైటీషియన్ కావాలనుకునేవాళ్లు తీసుకునే కోర్సుల వరుసలో) ఒక్క సెమిస్టర్ ఆర్గానిక్ కెమిస్ట్రీతో సరిపెడతారు, ఫిజిక్స్ ఊసే ఉండదు. మెడికల్ స్కూళ్లు సాధారణంగా అడిగేది బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్ ఒక్కోటి ఏడాది చొప్పున, ల్యాబులతో సహా. ఆపైన ఒక సెమిస్టర్ బయోకెమిస్ట్రీ. ఆర్గానిక్ రెండో సెమిస్టర్‌ని అడగడం మానేసిన స్కూళ్లూ ఉన్నాయి కాబట్టి మీరు అప్లై చేయబోయే స్కూళ్ల పేజీలు ఒక్కొక్కటీ చూసుకోండి. డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ చూసేది మీరు డిగ్రీ పూర్తిచేస్తారా లేదా అన్నదే. మెడికల్ స్కూలు లాంటివాటికి వెళ్లేవాళ్లకు సలహా ఇచ్చే ప్రీ-హెల్త్ అడ్వైజర్‌ని వేరుగా కలవాలి, అదీ మొదటి సెమిస్టర్‌లోనే.

తొందర ఎందుకంటే కెమిస్ట్రీ ఒక గొలుసు. జనరల్ రెండు సెమిస్టర్లు మొదటి ఏడాది, ఆర్గానిక్ రెండు సెమిస్టర్లు రెండో ఏడాది, బయోకెమిస్ట్రీ మూడో ఏడాది ఫాల్‌లో (ఆగస్టు-డిసెంబర్ సెమిస్టర్‌లో). ఒకటి పూర్తికానిదే మామూలుగా తర్వాతిదానిలో చేరనివ్వరు. ఇలా వెళ్తే మూడో ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో ఎంక్యాట్ (మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్ష) రాసి, మే నెలాఖరుకి అప్లికేషన్ పంపవచ్చు. మొదట్లో ఒక్క సెమిస్టర్ జారితే బయోకెమిస్ట్రీ, ఎంక్యాట్ ఒకే స్ప్రింగ్‌లో మీద పడతాయి. రెండు జారితే గ్యాప్ ఇయర్ (డిగ్రీకీ మెడికల్ స్కూలుకీ మధ్య ఒక ఏడాది ఖాళీ) తప్పదనుకోండి. ఫిజిక్స్‌ని రెండో ఏడాది తర్వాతి సమ్మర్‌లో గానీ మూడో ఏడాదిలో గానీ పెట్టుకోండి, ఆర్గానిక్ ల్యాబ్ నడిచే సెమిస్టర్‌లో మాత్రం వద్దు. ఏపీ (హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల) క్రెడిట్లు ఉన్నాయి కదా అని కెమిస్ట్రీ వదిలేసేవాళ్లు ఒకటి గమనించాలి: కొన్ని స్కూళ్లు వాటిని ఒప్పుకోవు, ఇంకొన్ని వాటికి బదులు పై స్థాయి కోర్సు అడుగుతాయి.

జీపీఏలోనూ (గ్రేడ్ల సగటులోనూ) ఒక మెలిక ఉంది. ఎం.డి. స్కూళ్లకు ఉమ్మడిగా పంపే ఆమ్‌కాస్ అప్లికేషన్‌లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌లకు విడిగా జీపీఏ కడతారు. ఫుడ్ సైన్స్, డైటెటిక్స్ కోర్సుల్లో తెచ్చుకున్న ‘ఏ’లు సాధారణంగా అందులో కలవవు. అంటే మీ సైన్స్ జీపీఏ బయాలజీ మేజర్ వాళ్లకంటే తక్కువ కోర్సుల మీద నిలబడుతుంది, ఆర్గానిక్‌లో ఒక ‘సీ’ పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఫిజియాలజీ, జెనెటిక్స్, స్టాటిస్టిక్స్‌లను ఎలక్టివ్‌లుగా తీసుకుంటే బరువు పంచుకుంటాయి.

న్యూట్రిషన్ చదివిన లాభం కనిపించేది ఎంక్యాట్‌లో. నాలుగు సెక్షన్లలో రెండింటిలో పాతిక శాతం చొప్పున ప్రశ్నలు బయోకెమిస్ట్రీవే. అయితే న్యూట్రిషన్ క్లాసు చెప్పే తీరు వేరు. గ్రాము కొవ్వుకి 9 కిలోకేలరీలని అక్కడ చెప్పి వదిలేస్తారు. మీరు అక్కడ ఆగకండి. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లాన్ని తీసుకుని బీటా ఆక్సిడేషన్ (కొవ్వు ఆమ్లాన్ని రెండేసి కార్బన్ల చొప్పున విడగొట్టే ప్రక్రియ) ఏడు చుట్లు వేయించి, ఎన్ని ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడుకునే అణువు) వస్తాయో లెక్కకట్టండి: 8 ఎసిటైల్ కో-ఏ (80 ఏటీపీ), 7 ఎన్ఏడీహెచ్ (17.5), 7 ఎఫ్ఏడీహెచ్2 (10.5), మొత్తం 108, మొదట ఖర్చయిన 2 తీసేస్తే 106.

విటమిన్లూ అంతే. లోపం, లక్షణం అని పట్టిక బట్టీ పట్టడం దండగ. ఏ ఎంజైమ్ ఆగింది, దాని వెనక ఏది పేరుకుపోయింది అని రాసుకోండి. ఫోలేట్ లోపించినా బీ12 లోపించినా రక్తహీనత ఒకేలా ఉంటుంది, రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం రెండింట్లోనూ పెరుగుతుంది. మిథైల్‌మలోనిక్ ఆమ్లం పెరిగేది మాత్రం బీ12 లోపంలోనే, ఎందుకంటే దాని దారిలోని మ్యూటేజ్ ఎంజైమ్‌కి బీ12 కావాలి, ఫోలేట్‌తో పనిలేదు. బీ12 లోపానికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

అనుభవం విషయానికొస్తే, ఆసుపత్రి వంటగదిలో ట్రేలు సర్దడం క్లినికల్ అనుభవం కిందకి రాదు. గదుల్లోకి వెళ్లి రోగులతో మాట్లాడి భోజనం ఆర్డర్లు తీసుకునే పనికి విలువ ఉంది. డైటీషియన్ వెంట తిరగడం మంచిదే, డాక్టర్ వెంట తిరిగిన గంటలు వేరే చూపాలి.

మెడికల్ సీటు రాకపోతే డైటీషియన్‌గా స్థిరపడొచ్చనే లెక్క ఉంటే ఒక మాట. 2024 జనవరి 1 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ ఉండాలి, పర్యవేక్షణలో కనీసం 1,000 గంటల ప్రాక్టీసూ చేయాలి. డిగ్రీతో సరిపోయే రోజులు పోయాయి.

పీహెచ్‌డీ వైపు వెళ్లేవాళ్లకు ఫిజిక్స్ కంటే ల్యాబ్ ముఖ్యం. రెండో ఏడాదిలోనే ఒక ప్రొఫెసర్ దగ్గర చేరి, చివరిదాకా అక్కడే ఉండండి. ఏళ్ల తరబడి మీ పని చూసినవాళ్లు రాసే సిఫార్సు ఉత్తరానికే బలం. పీహెచ్‌డీకి చాలా చోట్ల స్టైపెండ్ ఇస్తారు, మాస్టర్స్‌కి ఎక్కువగా ఫీజు మీరే కట్టుకోవాలి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లలు మేజర్ కంటే ముందు వీసా చూసుకోవాలి. 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది, అప్పుడు మారే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లను చేర్చుకోని మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. చేర్చుకునే స్కూళ్ల జాబితా మొదటి ఏడాదిలోనే దగ్గర పెట్టుకుని, అవి అడిగే కోర్సులను బట్టి పై వరుసను సర్దుకోండి.